ఈఎన్ బాత్‌ మీద పేటెంటు: ‘ఇందులో కొత్తేముంది’ అని ఎగ్జామినర్ అడిగితే

ప్రశ్న: హైదరాబాదు శివార్లలో కరెంటు లేకుండా రసాయన చర్యతోనే నికెల్ పూత వేసే ఎలక్ట్రోలెస్ నికెల్ (ఈఎన్) ప్లేటింగ్ జాబ్‌వర్క్ షాపు నడుపుతున్నాను. మా బాత్‌లో ద్రావణం తనంతట తాను విరిగిపోకుండా ఆపే సీసం స్టెబిలైజర్ తీసేసి, దాని బదులు ఒక అమైనో ఆమ్లాన్ని చాలా తక్కువ మోతాదులో వేసి, పీహెచ్, ఉష్ణోగ్రత కాస్త మార్చాం. ఇదివరకు ఆరు టర్నోవర్లకే (బాత్‌లోని నికెల్ అంతా ఒకసారి ఖర్చయి మళ్లీ నింపితే ఒక టర్నోవర్) పాడయ్యే బాత్ ఇప్పుడు పది దాటుతోంది. ఈ పద్ధతికి పేటెంటు అడిగాను. చెన్నై పేటెంటు ఆఫీసు నుంచి ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. ఒక పాత అమెరికా పేటెంటు, ఒక పరిశోధన పత్రం చూపించి కొత్తదనం లేదు, తెలిసినవాడికి ఎవరికైనా తట్టేదే, సెక్షన్ 3(డి) కూడా అడ్డు అన్నారు. ఆ పత్రంలో మా అమైనో ఆమ్లమే ఉంది, కానీ ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో, వేరే పనికి వాడారు. మా పేటెంటు ఏజెంటు పోరాడదామంటున్నారు. మా బావమరిది వెనక్కి తీసుకుని రహస్యంగా ఉంచుకోమంటున్నాడు. పక్క వీధి షాపు ఆయన అభ్యంతరం వేస్తానని బెదిరిస్తున్నాడు. ఒక మాట దాచకుండా చెప్పాలి: దరఖాస్తుకు కొన్ని నెలల ముందు నుంచే ఒక పంపుల కంపెనీకి ఈ బాత్‌లోనే సరుకు చేసి ఇచ్చాం. ఇంకో సంగతి, అల్యూమినియం పార్టులకు నికెల్ పూత ముందు పలుచని జింకు పొర వేసే జింకేట్ బాత్‌లో కూడా ఒక కొత్త మార్పు దొరికింది. దాన్ని ఈసారి ఎగ్జిబిషన్‌లో చూపిద్దామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు మీ బావమరిది గారి సలహా సంగతి చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది. ఎగ్జామినేషన్ రిపోర్టు చేతికొచ్చిందంటే మీ దరఖాస్తు అప్పటికే పేటెంటు జర్నల్లో ప్రచురితమై ఉంటుంది. మామూలుగా 18 నెలలకు ప్రచురిస్తారు. అది ఆగాలంటే 15 నెలల లోపే వెనక్కి తీసుకోవాలి. ఇప్పుడు మీ స్పెసిఫికేషన్‌ను, అంటే ఆవిష్కరణను వివరించిన పత్రాన్ని, ఎవరైనా ఆన్‌లైన్లో తెరిచి చదువుకోవచ్చు. కాబట్టి వెనక్కి తీసుకుంటే రహస్యం తిరిగి రాదు, ఉన్న హక్కు మాత్రం పోతుంది. అసలు మోతాదు స్పెసిఫికేషన్‌లో రాయకుండా దాచి ఉంటే అది ఇంకా ప్రమాదం. సెక్షన్ 10(4) ప్రకారం మీకు తెలిసినవాటిలో అన్నిటికన్నా మంచి పద్ధతిని రాసి తీరాలి. రాయలేదని తేలితే వచ్చిన పేటెంటు కూడా రద్దు కావచ్చు.

ఇక రిపోర్టు. ఎగ్జామినర్ మూడు మాటలు ఒకే గుక్కలో అన్నారు. వాటికి మీరు మూడు వేరు జవాబులు చెప్పాలి.

కొత్తదనం లేదన్న అభ్యంతరం మీ కేసులో బలహీనమైనది. కొత్తదనం పోవాలంటే మీ క్లెయిములో (హక్కు కోరుతూ రాసిన వాక్యంలో) ఉన్నదంతా, అంటే అమైనో ఆమ్లం, దాని మోతాదు, పీహెచ్, ఉష్ణోగ్రత, సీసం లేకపోవడం, ఒకే పత్రంలో ఒకే చోట కనిపించాలి. ఒకటి అమెరికా పేటెంటులోంచి, మరొకటి పరిశోధన పత్రంలోంచి తెచ్చి అతికించడానికి ఇక్కడ వీల్లేదు. ఆ అతుకు పని ‘తెలిసినవాడికి తట్టేదే’ అనే రెండో అభ్యంతరానికి చెందింది. మీరు చెప్పినట్టు పత్రంలోని మోతాదు మీ పరిధికి బయట ఉంటే ఈ అభ్యంతరం ఒక పేరాలో తీరిపోతుంది. దీని మీద పేజీలు ఖర్చు చేయకండి.

సెక్షన్ 3(డి) అనగానే అందరికీ 2013 నాటి నోవార్టిస్ కేసు, మందులు గుర్తొస్తాయి. కానీ ఆ సెక్షన్ చివర్లో ప్లేటింగ్ వాళ్లను నేరుగా తాకే ముక్క ఒకటుంది. తెలిసిన ప్రక్రియను ఊరికే వాడుకోవడం ఆవిష్కరణ కాదు, ఆ ప్రక్రియ వల్ల కొత్త ఉత్పత్తి వస్తేనో, కనీసం ఒక కొత్త రియాక్టెంట్ వాడితేనో తప్ప. మీ ఏజెంటు ‘అమైనో ఆమ్లమే మా కొత్త రియాక్టెంట్’ అని వాదించాలనుకుంటారేమో. ఆ కొమ్మ మీద బరువంతా వేయొద్దని నా సలహా. ఈ బాత్‌లో చర్య జరిగేది నికెల్ ఉప్పుకూ, దాన్ని లోహంగా దించే సోడియం హైపోఫాస్ఫైట్‌కూ మధ్య. స్టెబిలైజర్ ఆ చర్యను అదుపులో పెడుతుందే తప్ప అందులో ఖర్చయ్యే సరుకు కాదని ఎగ్జామినర్ అనగలడు, అది తప్పని నిరూపించడం కష్టం. అంతకంటే ‘ఇది తెలిసిన ప్రక్రియను ఊరికే వాడుకోవడం కాదు, ప్రక్రియనే మార్చాం’ అన్న వాదన నిలుస్తుంది. క్లెయిముల్లో పద్ధతితో పాటు బాత్ మిశ్రమాన్ని కూడా అడిగి ఉంటే సెక్షన్ 3(ఇ) కూడా మీదికొస్తుంది. ఊరికే కలిపిన మిశ్రమం, దేని గుణం దానిదే, కలిపినందువల్ల అదనంగా ఏమీ రాలేదు అంటారు. దానికి జవాబు మాటలతో రాదు, అంకెలతోనే వస్తుంది. ఆ అంకెల సంగతి కింద చెబుతాను.

అసలు యుద్ధం రెండో అభ్యంతరం దగ్గరే. మన చట్టంలో ఇన్వెంటివ్ స్టెప్ నిర్వచనం రెండు భాగాలుగా ఉంటుంది. ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థికంగా ప్రాముఖ్యం గానీ, రెండూ గానీ ఉండాలి. దానితో పాటు, ఆ రంగం తెలిసినవాడికి తట్టేది కాకూడదు. షాపు యజమానులు చాలామంది మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. బాత్ ఎక్కువ రోజులు నడుస్తోంది, కెమికల్ ఖర్చు తగ్గింది, ఫాస్ఫైట్ నిండిన పాత బాత్‌ను పారబోసే బాధ తగ్గింది అని పేజీలు నింపుతారు. అవన్నీ నిజమే, కానీ అవి మొదటి సగానికే సరిపోతాయి.

రెండో సగం గురించి మన సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. మీర్జాపూర్‌లో లోహపు పాత్రలు చేసే సంస్థల మధ్య వచ్చిన తగాదా అది, బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసు అంటారు. లేత్ మీద పాత్రను పట్టి ఉంచే పద్ధతికి ఒకరు పేటెంటు తీసుకున్నారు. వర్క్‌షాపులో పనివాడు తన నైపుణ్యంతో చేసుకునే మామూలు మెరుగుదల కంటే ఎక్కువ ఏదో ఉండాలి, ఇందులో అది లేదు అని కోర్టు ఆ పేటెంటును నిలవనివ్వలేదు. బాత్ కేసుల్లో ఎగ్జామినర్ మనసులో ఉండేది ఇదే. పీహెచ్ మార్చడం, వేడి పెంచడం, డోసు తగ్గించడం మీ షాపులో కెమిస్టు రోజూ చేసే పనే కదా అంటాడు. పులుసులో ఉప్పు సరిచూసుకున్నందుకు పేటెంటా అన్నట్టుంటుంది అతని ధోరణి.

అమెరికాలో ఇదే మాటకు 1955 నాటి ఆలర్ తీర్పు ఆధారం. పాత ప్రక్రియ 100 డిగ్రీల వేడిలో, 10 శాతం ఆమ్లంతో నడిచేది. కొత్తగా వచ్చినవాళ్లు 40 నుంచి 80 డిగ్రీల మధ్య, 25 నుంచి 70 శాతం ఆమ్లంతో చేస్తామన్నారు. ఫలితం మెరుగైనా సరే, మామూలు ప్రయోగాలతో సరైన అంకె వెతుక్కోవడం ఆవిష్కరణ కాదన్నారు. ఆ తీర్పు మన ఆఫీసును కట్టిపడేయదు. అయినా బాత్ పేటెంట్లు చదివే ఎవరి ఆలోచనైనా ఆ దారినే పోతుంది. అంకె మారితే ఫలితం మారుతుందని ముందే తెలిసిన చోట అంకె మార్చినందుకు పేటెంటు రాదు. ఫలితం ఎవరూ ఊహించని రకంగా మారితే వస్తుంది.

మీ సొంత పరిశ్రమ పుట్టుకలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. హైపోఫాస్ఫైట్ నికెల్‌ను లోహంగా దించుతుందని 1844లోనే వుర్ట్స్ చూశాడు. 1916లో రూ అనే ఆయనకు దాని మీద అమెరికా పేటెంటు కూడా వచ్చింది. అయినా ఎవరికీ పనికి రాలేదు. ఎందుకంటే ఆ బాత్ తనంతట తానే విరిగిపోయేది. నికెల్ పార్టు మీదే కాదు, తొట్టి గోడల మీద, అడుగున పొడిగా, ఎక్కడ పడితే అక్కడ దిగేది. 1946లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఏబ్నర్ బ్రెనర్, గ్రేస్ రిడెల్ మామూలు కరెంటు ప్లేటింగ్ చేస్తూ బాత్‌లో హైపోఫాస్ఫైట్ వేశారు. కరెంటు లెక్క ప్రకారం రావలసిన దానికంటే ఎక్కువ లోహం దిగింది. ఆ వింతను పట్టుకుని వెళ్లి, పార్టు ఉపరితలం మీద మాత్రమే నికెల్ దిగే పరిస్థితులు కనిపెట్టారు. 1950లో వాళ్లకు పేటెంట్లు వచ్చాయి. రసాయనాలు పాతవే, వందేళ్ల కిందటివి. అందరికీ తెలిసిన ఆ సరుకుతోనే ఎవరి వల్లా కాని పని వీళ్లు చేశారు. మీ జవాబు నడవాల్సిన దారి ఇదే.

మరి మీ దగ్గర అలాంటిది ఉందా? ఉత్తరంలో రెండు మంచి సూచనలు కనిపిస్తున్నాయి. ఆ పత్రంలో అమైనో ఆమ్లం పని వేరు అన్నారు. ఎక్కువ మోతాదులో ఉందంటే బహుశా నికెల్‌ను ద్రావణంలో పట్టి ఉంచే కాంప్లెక్సెంట్‌గా వాడి ఉంటారు. మీ చేతిలో అదే పదార్థం ఉందా లేదా అన్నంత తక్కువ మోతాదులో సీసం చేసే పని చేస్తోంది. ఆ పత్రం చదివినవాడు మోతాదు తగ్గించాలని అనుకోవడానికి కారణమే లేదు, కాంప్లెక్సెంట్ తగ్గితే బాత్ పాడవుతుందనే భయపడతాడు. ఇది మీ బలం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మీ అమైనో ఆమ్లం సిస్టీన్ లాంటి గంధకం ఉన్న రకమైతే ఎగ్జామినర్ మూడో పత్రం తీస్తాడు. గంధకం ఉన్న సమ్మేళనాలు పీపీఎం (పది లక్షల్లో కొన్ని వంతుల) మోతాదుల్లో స్టెబిలైజర్లుగా పనిచేస్తాయని ప్లేటింగ్ వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు, అలాంటిదే అయిన థయోయూరియా కథ మీకు చెప్పనక్కర్లేదు. మీది ఆ రకమైతే వాదన చాలా సన్నబడుతుంది. అప్పుడు ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా అని ఏజెంటును సూటిగా అడగండి.

సీసం లేని బాత్ కోసం అందరూ వెతుకుతున్నారు కదా, 2006లో ఎలక్ట్రానిక్ సరుకులో సీసం లాంటివాటిని కట్టడి చేసే యూరప్ రోస్ (RoHS) నిబంధనలు అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఇది తెలిసిన సమస్యే కదా అని కూడా అడుగుతారు. నిజమే. కానీ ఆ మాట రెండు వైపులా తెగుతుంది. అంతమంది వెతికినా ఈ జవాబు దొరకలేదంటే అది తట్టేది కాదనే కదా అని మీరు తిప్పికొట్టవచ్చు.

ఇప్పుడు అంకెలు. ఆరు టర్నోవర్లు పది అయ్యాయన్న ఒక్క వాక్యం సరిపోదు. మీరు ఒకేసారి మూడు మార్చారు: స్టెబిలైజర్, పీహెచ్, ఉష్ణోగ్రత. బాత్ ఆయుష్షు పెరిగింది పీహెచ్ వల్లేనేమో అని ఎగ్జామినర్ అడిగితే మీ దగ్గర జవాబు ఉందా? అందుకని కొన్ని బాత్‌లు పక్కపక్కనే నడపాలి. అమెరికా పేటెంటులో చెప్పిన బాత్ చెప్పినట్టు. పత్రంలోని మోతాదుతో ఒకటి. మీ పీహెచ్, ఉష్ణోగ్రతలతో, కానీ అమైనో ఆమ్లం లేకుండా ఒకటి. పాత పీహెచ్, ఉష్ణోగ్రతలతో, అమైనో ఆమ్లంతో ఒకటి. మీ మోతాదు పరిధికి సరిగ్గా కింద ఒకటి, సరిగ్గా పైన ఒకటి. చివరగా మీ బాత్. అన్నిట్లో ఒకే స్టీలు కూపన్లు (పరీక్ష ముక్కలు), లీటరుకు ఒకే లోడింగు (పూత పడే ఉపరితలం) ఉండాలి, టైట్రేషన్, రీప్లెనిష్‌మెంట్ ఒకే పద్ధతిలో జరగాలి. గంటకు ఎన్ని మైక్రాన్లు, ఫాస్ఫరస్ శాతం ఎంత, బాత్ స్థిరత్వం చూసే పల్లాడియం క్లోరైడు పరీక్షలో బాత్ ఎన్ని సెకన్లు నిలబడింది, ఎన్నో టర్నోవర్లో విరిగింది, తుప్పు చూసే సాల్ట్ స్ప్రే (ఉప్పునీటి తుంపర) పరీక్షలో కూపన్లు ఎన్ని గంటలు నిలిచాయి, ఇవి రాయండి. మీ పరిధి అంచు దాటగానే ఫలితం ఒక్కసారిగా కూలిపోతే, అదే మీ ఆవిష్కరణ. మెల్లగా తగ్గుతూ పోతే ఎగ్జామినర్ చెప్పిందే నిజమనుకోవాలి. ఈ ప్రయోగం మీ కేసు గెలిపించడానికే కాదు, కేసు ఉందో లేదో మీకే తెలియడానికి కూడా. అందుకే ఏజెంటుకు ఇంకో రూపాయి కట్టే ముందు ఇది చేయమంటున్నాను. షాపు లాగ్‌బుక్‌లో విఫలమైన బాత్‌ల వివరాలు ఉంటే చింపకండి, కొట్టివేయకండి. ఈ వాదనలో గెలిచిన బాత్ కంటే పోయిన బాత్‌లే ఎక్కువ మాట్లాడతాయి.

ఈ కొత్త సమాచారాన్ని స్పెసిఫికేషన్‌లోకి చేర్చలేరు. సెక్షన్ 59 ప్రకారం మొదట లేని విషయం సవరణ పేరుతో లోపలికి రాకూడదు, క్లెయిము కూడా కుదించవచ్చే గానీ విస్తరించకూడదు. సమాచారాన్ని జవాబుతో పాటు అఫిడవిట్‌గా ఇవ్వవచ్చు. క్లెయిమును మాత్రం ఈ ఫలితాలు చెప్పిన చోటికి కుదించండి. ‘పీహెచ్ 4 నుంచి 7’ లాంటి వెడల్పాటి పరిధులు చూడ్డానికి గంభీరంగా ఉంటాయి, పాత పత్రాలన్నీ వాటిలోకే వచ్చి కూర్చుంటాయి. ఇరుకైన క్లెయిము వచ్చినా వచ్చినట్టే. మొదటి దరఖాస్తులో ఇరుకు పరిధి రాయకుండా వెడల్పు పరిధి ఒక్కటే రాసి ఉంటే కష్టం. స్పెసిఫికేషన్ మళ్లీ చదవండి, ఉదాహరణల్లో ఆ అంకెలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి.

జవాబు గడువు రిపోర్టు ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలు. దాటిపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. పొడిగింపు అడిగే దారి ఉంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. పైన చెప్పిన బాత్‌లు పది టర్నోవర్ల దాకా నడపడానికే వారాలు పడుతుంది. జవాబు తర్వాత హియరింగ్ రావచ్చు, వీడియోలో జరుగుతుంది. పేటెంటు ఆఫీసులో నిర్ణయం చేసే కంట్రోలర్ తిరస్కరిస్తే ఎందుకో వివరంగా రాయాలి. పాత పత్రంలో ఏముందో, మీ దాంట్లో ఏముందో, ఒకదాని నుంచి రెండోది ఎలా తడుతుందో చర్చించకుండా ఒక్క వాక్యంలో కొట్టేయకూడదని 2022లో ఢిల్లీ హైకోర్టు అగ్రిబోర్డ్ కేసులో చెప్పింది. చెన్నై ఆఫీసు తిరస్కరణ మీద అప్పీలు మద్రాసు హైకోర్టుకు. ఇదివరకు ఇలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ 2021లో రద్దయింది.

ఇక మీరు దాచకుండా చెప్పిన మాట. నిజానికి నన్ను ఎగ్జామినర్ కంటే ఎక్కువ కలవరపెట్టింది ఇదే. పంపుల కంపెనీకి ఇచ్చిన సరుకు డబ్బు తీసుకుని చేసిన మామూలు జాబ్‌వర్కా, లేక నమూనా లాటా? తేడా చాలా ఉంది. సెక్షన్ 64లో పేటెంటు రద్దుకు ఉన్న కారణాల్లో ఒకటి, దరఖాస్తుకు ముందు పేటెంటుదారే ఆవిష్కరణను భారతదేశంలో రహస్యంగా వాడుకోవడం. మీ గోడల మధ్య ఎవరికీ చెప్పకుండా చేశాం కాబట్టి ఫరవాలేదనుకుంటే, సరిగ్గా ఆ రహస్యమే మీ మెడకు చుట్టుకుంటుంది. సమంజసమైన పరీక్ష, ప్రయోగం కోసం చేసినదైతే లెక్కలోకి రాదు. ఎగ్జామినర్ ఈ కారణం ఎత్తడు, అభ్యంతర దశలోనూ ఇది లేదు. రేపు పేటెంటు వచ్చాక మీరు ఎవరిమీదైనా దావా వేసిన రోజున అవతలి లాయరు మీ పాత ఇన్‌వాయిసులు బయటికి తీస్తాడు. కాబట్టి ఆ నెలల చలాన్లు, ఈమెయిళ్లు, పంపుల కంపెనీ పంపిన పరీక్ష రిపోర్టులు, గోప్యత ఒప్పందం ఏదైనా ఉంటే అది, అన్నీ తీసి ఏజెంటుకు కాదు, పేటెంటు కేసులు వాదించే న్యాయవాదికి చూపించండి. ట్రయల్ అని రాసి ఉంటే మంచిదే. లేని చోట ఇప్పుడు ‘ట్రయల్’ అని రాయించే ఆలోచన మాత్రం వద్దు, అది పేటెంటు పోవడం కంటే పెద్ద చిక్కు.

పక్క వీధి ఆయన విషయానికొస్తే, పేటెంటు ఇచ్చే లోపు ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. ఇచ్చాక అయితే సంబంధం ఉన్నవాడే, ప్రచురించిన ఏడాది లోపు. మీ షాపులో బాత్ చూశానని ఆయన నోటితో అంటే చాలదు. ఏ తేదీన చూశాడు, ఏం చూశాడు, ఆ చూపుతో పద్ధతి తెలిసిందా అన్నది సాక్ష్యంతో చూపాలి. తొట్టిలో పచ్చని ద్రావణం చూసినవాడికి అందులో పీపీఎం మోతాదు అమైనో ఆమ్లం కనిపించదు. మీ దగ్గర పనిచేసి మానేసిన కుర్రాడు ఆయన దగ్గర చేరాడా? చేరి ఉంటే ముందే న్యాయవాదికి చెప్పండి. ఆయనే ఇదివరకు ఇలాంటి బాత్ వాడి ఉంటే, బిల్లులతో సహా వస్తే, అది వేరే సంగతి. అప్పుడు బెదిరింపు అనుకోకుండా ఆ కాగితాలు శ్రద్ధగా చదవాలి.

జింకేట్ బాత్ గురించి చివర్లో రాశారు గానీ మీరు ఇవాళే కదలాల్సింది దీనికే. ఎగ్జిబిషన్‌లో పెట్టకండి. ప్రదర్శనలో చూపించినా 12 నెలల్లో దరఖాస్తు చేస్తే ఫరవాలేదని చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకే. హైటెక్స్‌లో జరిగే ప్రతి ట్రేడ్ ఫెయిర్‌కూ అది వర్తిస్తుందనుకోవద్దు. ఆ బాత్‌లో ఏ కస్టమరు పార్టూ బిల్లు వేసి చేయకండి. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఫారం 28తో చిన్న సంస్థ రేటు వర్తిస్తుంది, ఆన్‌లైన్లో దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. ఆ తర్వాత పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలలు ఉంటాయి. జింకు పొర రెండుసార్లు వేసే డబుల్ జింకేట్‌తో పోల్చి చూసే కూపన్లు ఆ 12 నెలల్లోనే నడపండి, ఈసారి పీహెచ్, ఉష్ణోగ్రత, మోతాదు ఒక్కొక్కటిగా మారుస్తూ. వచ్చిన అంకెలన్నీ, ఇరుకు పరిధితో సహా, పూర్తి స్పెసిఫికేషన్‌లోనే రాయించండి.